వీసా కోసం తీసుకున్న ఇన్సూరెన్స్ మంచుకొండ మీద పనికొస్తుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్, మియాపూర్. ఇద్దరం ఉద్యోగస్తులం. ఫిబ్రవరిలో 10 రోజులు స్విట్జర్లాండ్ వెళ్తున్నాం. అందులో 5 రోజులు ఎంగెల్‌బర్గ్‌లో ఉండి స్కీయింగ్ నేర్చుకోవాలని మావారి కోరిక. మా బాబుకి 11 ఏళ్ళు, వాడికి స్నోబోర్డ్ (రెండు కాళ్ళకీ కలిపి ఒకే పలక కట్టుకుని జారేది) కావాలట. మా అత్తగారు కూడా వస్తున్నారు, ఆవిడకి 66 ఏళ్ళు, బీపీ, షుగర్ ఉన్నాయి, ఆవిడ స్కీయింగ్ చేయరు. వీసా ఏజెంట్ నలుగురికీ 30,000 యూరోల పాలసీ తీసిచ్చాడు. స్కీయింగ్‌కి కూడా వర్తిస్తుందా అని అడిగితే "అన్నీ కవర్ అవుతాయి మేడమ్" అన్నాడు. మావారేమో క్రెడిట్ కార్డు మీద ఎలాగూ ఇన్సూరెన్స్ ఉంది కదా, మళ్ళీ డబ్బులెందుకు అంటున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కో కంపెనీకి పది రకాల ప్లాన్లు, ఏది తీసుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. వీసా ఇంకా చేతికి రాలేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ఏజెంట్ నోటిమాట మీద ఆధారపడటం మానేయండి. అతను అబద్ధం చెప్పాడని అనను. మీరు అడిగింది స్కీయింగ్ గురించి, అతని బుర్రలో ఉన్నది వీసా గురించి, అంతే. ఆ పాలసీ వీసాకి సరిపోతుంది. మీవారు మంచులో పడి మోకాలు మెలిపడిన రోజున కూడా సరిపోతుందా అన్నదానికి జవాబు పాలసీ కాగితాల్లో ఎక్కడో వెనక పేజీల్లో, "మినహాయింపులు" అని ఉన్నచోట ఉంటుంది. పాలసీ చేతికి రాగానే అందరూ మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న మొత్తం చూసి మడిచి పెట్టేస్తారు. మీరు మాత్రం వెనక నుంచి మొదలుపెట్టండి.

షెంగెన్ వీసా, అంటే స్విట్జర్లాండ్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా, ఇచ్చేవాళ్ళు చూసేది కొంచెమే. కవర్ కనీసం 30,000 యూరోలు ఉందా, షెంగెన్ దేశాలన్నిటిలో చెల్లుతుందా, మీరు అక్కడ ఉండే రోజులన్నీ అందులో వచ్చాయా, అత్యవసర వైద్యం, ఆస్పత్రి ఖర్చు, జబ్బు చేస్తే స్వదేశానికి పంపించే ఖర్చు, మనిషి పోతే భౌతికకాయాన్ని పంపే ఖర్చు ఉన్నాయా, ఇంతవరకే. మీరు అక్కడ మ్యూజియంలు చూస్తారా, మంచు మీద జారతారా అన్నది వాళ్ళు పట్టించుకోరు. అందుకే అడ్వెంచర్ స్పోర్ట్స్‌ని పూర్తిగా తీసేసిన పాలసీతో కూడా వీసా హాయిగా వచ్చేస్తుంది. వీసా వచ్చింది కాబట్టి ఇన్సూరెన్స్ కూడా బాగున్నట్టే అనుకుని చాలామంది అక్కడే దెబ్బతింటున్నారు.

అసలు ఏం జరగొచ్చో కాస్త చెబుతాను, అప్పుడు ఏ కవర్ ఎందుకో మీకే అర్థమవుతుంది. కొత్తవాళ్ళకి దెబ్బ తగలాలంటే పెద్ద వేగమేం అక్కర్లేదు. నెమ్మదిగా వెళ్తూనే స్కీలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి, ఒళ్ళు ఒకవైపు తిరుగుతుంది, బూటుని స్కీకి పట్టి ఉంచే క్లిప్పు ఊడాల్సిన సమయానికి ఊడదు, మోకాలు మెలిపడుతుంది. స్కీయింగ్‌లో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది మోకాలే, అందులోనూ లిగమెంట్లు. స్నోబోర్డ్ నేర్చుకునేవాళ్ళు చేతులు చాచి పడతారు కాబట్టి మణికట్టు విరుగుతుంది, మీ బాబుకి మణికట్టు గార్డులు, హెల్మెట్ తప్పకుండా అద్దెకు తీసుకోండి. మనిషి పడి లేవలేకపోతే, ఆ చోటుకి కాస్త పైన రెండు స్కీలని ఇంటూ గుర్తులాగా మంచులో గుచ్చుతారు, వెనక నుంచి వచ్చేవాళ్ళు పక్కకి తప్పుకోవాలని. కాసేపటికి స్కీ వాలుల రెస్క్యూ సిబ్బంది స్లెడ్జ్ తీసుకుని వస్తారు, పడుకోబెట్టి, పట్టీలు బిగించి, కిందికి దించుతారు. ఈ దించడానికే కొన్ని వందల ఫ్రాంకుల బిల్లు వస్తుంది. తలకో వెన్నుకో దెబ్బ తగిలిందని అనుమానం వస్తే హెలికాప్టర్ పిలుస్తారు. స్విట్జర్లాండ్‌లో చాలాచోట్ల వచ్చేది రెగా, 1952లో మొదలైన సంస్థ, వాళ్ళ నంబరు 1414. దాని బిల్లు వేల ఫ్రాంకుల్లో ఉంటుంది, ఫ్రాంకు ఇప్పుడు 100 రూపాయలు దాటింది, లెక్క మీరే వేసుకోండి. ఇదంతా ఇంకా ఆస్పత్రి గుమ్మం తొక్కక ముందు ఖర్చే.

కాబట్టి పాలసీలో నేను మొదట వెతికేది ఆస్పత్రి ఖర్చు కాదు, కొండ మీద నుంచి ఆస్పత్రి దాకా తెచ్చే ఖర్చు. మన పాలసీల్లో "మెడికల్ ఇవాక్యుయేషన్" అనే మాట దాదాపు అన్నిట్లోనూ కనిపిస్తుంది, అది చూసి నిశ్చింతగా ఉండకండి. కొన్నిట్లో అది ఒక ఆస్పత్రి నుంచి ఇంకా మంచి ఆస్పత్రికి మార్చడానికి మాత్రమే. కొన్నిట్లో ముందుగా కంపెనీవాళ్ళ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలని ఉంటుంది. మంచులో పడున్న మనిషి పక్కన నిలబడి కాల్ సెంటర్‌లో లైన్ దొరికేదాకా ఎవరూ ఆగరు, ఆగకూడదు కూడా. అందుకే "స్కీ వాలు మీద నుంచి స్లెడ్జ్‌లో గానీ హెలికాప్టర్‌లో గానీ ఆస్పత్రికి తెచ్చిన ఖర్చు ముందస్తు అనుమతి లేకపోయినా ఇస్తారా, ఎంతవరకు ఇస్తారు" అని కంపెనీని నేరుగా అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఇప్పుడు అసలు మాట, స్కీయింగ్. మన దేశంలో అమ్మే ట్రావెల్ పాలసీల్లో దీన్ని రకరకాలుగా రాస్తారు. ఒకరకం పాలసీలో ప్రమాదకర క్రీడలేవీ వర్తించవని తెగేసి ఉంటుంది, అలాంటిది మీకు పనికిరాదు, ధర ఎంత తక్కువైనా సరే. ఇంకోరకంలో, వృత్తిగా గానీ పోటీల కోసం గానీ కాకుండా సరదాగా, శిక్షకుడి పర్యవేక్షణలో చేస్తే వర్తిస్తుందని ఉంటుంది. ఇది మీలాంటి కొత్తవాళ్ళకి ఫరవాలేదు, కానీ ఆ "పర్యవేక్షణలో" అన్న మాట దగ్గర ఆగండి. పొద్దున రెండు గంటలు స్కీ స్కూల్లో నేర్చుకుని, మధ్యాహ్నం మీవారు సొంతంగా ఇంకో రౌండు వేద్దామని లిఫ్ట్ ఎక్కారనుకోండి, అప్పుడు పడితే శిక్షకుడు పక్కన లేడు. కంపెనీ ఆ మాట పట్టుకుంటే మీ దగ్గర జవాబు ఉండదు. మూడోరకంలో అదనంగా కొంత ప్రీమియం కడితే అడ్వెంచర్ స్పోర్ట్స్ కవర్ కలుపుతారు. నా ఓటు దీనికే, కానీ ఇందులోనూ ఒక మెలిక ఉంది. పాలసీ మొత్తం 2,50,000 డాలర్లు అని పైన రాసి ఉన్నా, ఈ అదనపు కవర్‌కి మాత్రం వేరే చిన్న పరిమితి పెట్టి ఉండొచ్చు. స్కీయింగ్‌లో తగిలిన దెబ్బకి వచ్చేది ఆ చిన్న మొత్తమే, పైన రాసిన పెద్ద మొత్తం కాదు. ప్రీమియం పోల్చేముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి.

పాలసీలో ఆటల జాబితా ఇచ్చి ఉంటే అందులో స్కీయింగ్, స్నోబోర్డింగ్ రెండూ విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. ఒకటి రాసి రెండోది వదిలేసినవి ఉంటాయి, మీ ఇంట్లోనేమో తండ్రిది ఒకటి, కొడుకుది ఇంకోటి. స్లెడ్జింగ్ గురించి కూడా అడగండి. స్కీయింగ్ రానివాళ్ళు, పిల్లలు, రెండో రోజుకే ఒళ్ళు నొప్పులు పుట్టినవాళ్ళు అందరూ చివరికి స్లెడ్జ్ ఎక్కుతారు, అది పిల్లలాట అనుకుంటారు, కానీ వేగంగా దిగే ఆ బాటల్లో చెట్టుకో కంచెకో గుద్దుకుని కాళ్ళు విరగ్గొట్టుకునేవాళ్ళు ఉన్నారు.

ఇక ఏ వాలు మీద దిగుతున్నారన్నది కూడా క్లెయిమ్‌ని తేల్చేస్తుంది. స్విట్జర్లాండ్‌లో నీలం గుర్తులున్నవి తేలికైనవి, ఎరుపువి మధ్యస్థం, నలుపువి కష్టం. ఇవన్నీ యంత్రాలతో చదును చేసి, హద్దుల కర్రలు పాతి, సాయంత్రం సిబ్బంది చివరిసారి చూసుకుని మూసేసే బాటలు. వీటిని పిస్ట్ అంటారు. ఇవి కాక పసుపు గుర్తులున్నవి ఉంటాయి. మంచుచరియలు విరిగిపడే ప్రమాదం నుంచి వాటికి రక్షణ ఉంటుంది గానీ చదును చేయరు, సాయంత్రం చివరి తనిఖీ ఉండదు. చాలా పాలసీలు పిస్ట్ బయట జరిగిన ప్రమాదానికి డబ్బివ్వవు. పసుపు బాట లోపలా బయటా అన్నది కంపెనీ రాసుకున్న నిర్వచనాన్ని బట్టి ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి దాంతో పనే లేదు, నీలం బాటలు దాటొద్దని మీవారికి గట్టిగా చెప్పండి. మూసేసిన బాటలోకి తాడు కింద నుంచి దూరి వెళ్తే ఏ కంపెనీ దగ్గరా మాట్లాడటానికేం ఉండదు. మద్యం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మధ్యాహ్నం కొండ మీది హోటళ్ళలో వేడి వైన్ తాగడం అక్కడ మామూలు. అక్కడివాళ్ళకి మామూలే కావచ్చు, మీ పాలసీలో మద్యం మత్తులో జరిగిన ప్రమాదం వర్తించదని ఒక వాక్యం ఉండే ఉంటుంది. ఆస్పత్రిలో రాసే కాగితంలో ఆ సంగతి ఎక్కితే క్లెయిమ్ అక్కడితో సరి. తాగాలనుంటే స్కీలు తిరిగిచ్చేసిన తర్వాత తాగమనండి.

కవర్ మొత్తం ఎంత ఉండాలి? 30,000 యూరోలంటే మన లెక్కలో సుమారు 30 లక్షలు, వినడానికి చాలానే అనిపిస్తుంది. ఉత్త మణికట్టు విరిగితే సరిపోవచ్చు. హెలికాప్టర్, తలకి స్కాన్లు, ఆపరేషన్, ఐసీయూలో కొన్ని రోజులు, ఆ తర్వాత వైద్యుణ్ణి తోడిచ్చి విమానంలో పడుకోబెట్టి హైదరాబాద్ తీసుకురావడం, ఇవన్నీ ఒకే మనిషికి పడితే స్విట్జర్లాండ్‌లో అది చాలదు. నేనైతే మనిషికి 2,50,000 డాలర్లకి తగ్గొద్దంటాను. కవర్ సుమారు ఏడు రెట్లు పెరిగితే ప్రీమియం ఏడు రెట్లు పెరగదు, ఏ కంపెనీ వెబ్‌సైట్‌లోనైనా రెండు ప్లాన్లూ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా మీరు అక్కడ ఒక్కరోజు స్కీ పాస్‌కి పెట్టే డబ్బు ముందు పెద్దదిగా అనిపించదు. ఇంకో సంగతి, విదేశీ రోగులకి ఖర్చు ఎవరు కడతారన్న హామీ లేకపోతే అక్కడి ఆస్పత్రులు ముందే పెద్ద మొత్తం డిపాజిట్ అడుగుతాయి. కాబట్టి క్యాష్‌లెస్ ఉందా, కంపెనీ సహాయ కేంద్రం రోజంతా పనిచేస్తుందా, ఆస్పత్రికి హామీ పత్రం నేరుగా పంపిస్తుందా అన్నది చాలా ముఖ్యం. "మీరు కట్టేయండి, ఇండియా వచ్చాక ఇస్తాం" అనేది చిన్న బిల్లులకే పనికొస్తుంది.

చాలామంది అసలు ఆలోచించని కవర్ ఒకటుంది, పర్సనల్ లయబిలిటీ. మీవారు పడితే మీ సమస్య. మీవారు వెళ్ళి ఇంకొకరిని గుద్దితే? అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన పది ప్రవర్తనా నియమాలున్నాయి, ప్రమాదం ఎవరి తప్పు అని తేల్చేటప్పుడు యూరప్ కోర్టులు వాటినే చూస్తాయి. అందులో ముఖ్యమైనది, ముందు వెళ్తున్నవాడికే దారి హక్కు, వెనక నుంచి వచ్చేవాడే చూసుకుని తప్పుకోవాలి. ఆగడం సరిగ్గా రాని కొత్తవాడు వెనక నుంచి వెళ్ళి ముందున్నవాళ్ళని గుద్దితే బాధ్యత దాదాపు ఎప్పుడూ అతని మీదే పడుతుంది. అవతలి మనిషి వైద్యం, పోయిన జీతం అన్నీ కలిపి అడుగుతారు, అదీ ఫ్రాంకుల్లో. ఇటలీలో అయితే 2022 జనవరి నుంచి ఈ కవర్ లేకుండా స్కీ బాటల మీదికి రాకూడదని చట్టమే చేశారు. స్విట్జర్లాండ్‌లో తప్పనిసరి కాకపోయినా మీకు ఉండి తీరాలి. మన ట్రావెల్ పాలసీల్లో లయబిలిటీ కవర్ చాలావాటిలో ఉంటుంది గానీ అడ్వెంచర్ స్పోర్ట్స్‌కి అది కూడా వర్తిస్తుందా, మైనర్ పిల్లవాడు చేసిన నష్టానికి వర్తిస్తుందా అని ఈ రెండూ అడగండి. ఎవరినైనా గుద్దితే ఆగాలి, సాయం చేయాలి, పేరు, చిరునామా ఇవ్వాలి, అది కూడా ఆ పది నియమాల్లో ఉంది. కానీ "తప్పు నాదే" అని రాసున్న కాగితం మీద మాత్రం కంపెనీతో మాట్లాడకుండా సంతకం పెట్టొద్దు.

ఇప్పుడు మీ అత్తగారు. నిజం చెప్పాలంటే నలుగురిలో నాకు ఎక్కువ ఆలోచన ఆవిడ గురించే. ఆవిడ స్కీయింగ్ చేయరు కాబట్టి వీసా పాలసీ చాలు అనుకుంటున్నారేమో, చాలదు. మన కంపెనీల ట్రావెల్ పాలసీల్లో ఒక వయసు దాటినవాళ్ళకి సబ్ లిమిట్లు పెట్టడం మామూలు. గది అద్దెకింత, ఐసీయూకింత, ఆపరేషన్‌కింత అని ముక్కలు ముక్కలుగా పరిమితులు ఉంటాయి, పైన ఎంత పెద్ద అంకె వేసినా స్విట్జర్లాండ్ ధరల ముందు ఆ ముక్కలు ఏ మూలకీ రావు. సబ్ లిమిట్లు లేని ప్లాన్ ఆవిడకి విడిగా తీసుకోండి, ప్రీమియం ఎక్కువే అవుతుంది, అయినా సరే. బీపీ, షుగర్ ఉన్న సంగతి, ఏ మందులు వాడుతున్నారో దాచకుండా ప్రపోజల్‌లో రాయండి. "రాస్తే ప్రీమియం పెంచుతారు, రాయొద్దు" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, రేపు గుండెలో నొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరితే పాత రికార్డులు అడుగుతారు, దాచినట్టు తేలితే మొత్తం పోతుంది. ముందునుంచి ఉన్న జబ్బులకి చాలా పాలసీలు ప్రాణాపాయ స్థితిలో చేసే చికిత్సకే డబ్బిస్తాయి, అదీ ఒక పరిమితి వరకు, ఆ అంకె ఎంతో చూసుకోండి.

ఎంగెల్‌బర్గ్ వెళ్ళాక ఆవిడని అక్కడి టిట్లిస్ కొండ పైకి తీసుకెళ్ళకుండా ఉండరు కదా, తిరిగే కేబుల్ కారులో ఎక్కితే పైన స్టేషన్ సముద్రమట్టానికి 3,000 మీటర్ల పైన ఉంటుంది. గాలి పలచబడుతుంది, మంచు గడ్డకట్టిన చోట కాలు జారుతుంది. ఆ వయసులో జారిపడితే తుంటి ఎముకకే ప్రమాదం. వెళ్ళొద్దని కాదు, బయల్దేరేముందు మీ డాక్టర్‌ని ఒకసారి అడగండి, పట్టున్న బూట్లు కొనండి, మందులు, ప్రిస్క్రిప్షన్ చేతి సంచిలో పెట్టండి, చెకిన్ బ్యాగులో వద్దు.

క్రెడిట్ కార్డు ఇన్సూరెన్స్ సంగతి మీవారికి చెప్పండి, దాని మీద ఆశ పెట్టుకోవద్దని. చాలా కార్డుల్లో ఉండేది విమాన ప్రమాదంలో మరణిస్తే ఇచ్చే మొత్తం, బ్యాగులు పోతే ఇచ్చే కాస్త డబ్బు. విదేశీ వైద్యం ఉన్న కార్డుల్లో కూడా అది సాధారణంగా కార్డు ఉన్నవారికే, మీకూ బాబుకీ మీ అత్తగారికీ కాదు, పైగా ఇన్ని రోజుల్లో ఇంత వాడి ఉండాలి లాంటి షరతులుంటాయి. ఉంటే ఉండనివ్వండి, లెక్కలోకి మాత్రం తీసుకోకండి.

బ్యాగేజీ ఆలస్యం, ఫ్లైట్ ఆలస్యం లాంటివి ప్లాన్ల మధ్య తేడా చూపించడానికి వెబ్‌సైట్లు మొదట చూపిస్తాయి. వాటిని చూసి ప్లాన్ ఎంచుకోకండి. స్కీలు, బూట్లు మీరు అద్దెకే తీసుకుంటారు కాబట్టి పోయినా విరిగినా షాపులోనే చిన్న మొత్తం కడితే వాళ్ళే కవర్ ఇస్తారు, అది చాలు. ఆ షాపులో మీ బరువు, ఎత్తు, వయసు, ఎంత బాగా స్కీయింగ్ వచ్చో అడుగుతారు, బూటుని స్కీకి పట్టి ఉంచే ఆ క్లిప్పు ఎంత బలానికి ఊడాలో వాటిని బట్టే బిగిస్తారు. సిగ్గుపడి బరువు తగ్గించీ చెప్పొద్దు, "బాగానే వచ్చు" అని గొప్పకీ పోవొద్దు. రాని మనిషికి వచ్చినవాడి లెక్కన బిగిస్తే, ఊడాల్సినప్పుడు ఊడక మోకాలి మీద పడుతుంది.

మోకాలి లిగమెంట్ తెగితే తరచుగా వెంటనే ఆపరేషన్ చేయరు, వాపు తగ్గాక చేస్తారు, అంటే అసలు పెద్ద ఖర్చు మీరు ఇంటికి వచ్చాక. ట్రావెల్ పాలసీ మీరు ఇండియాలో దిగగానే దాదాపు అయిపోయినట్టే, కొన్నిట్లో తిరిగొచ్చాక కొన్ని రోజుల వైద్యం ఉంటుంది, ఉందేమో చూడండి. అప్పుడు ఆదుకోవాల్సింది మీ ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్స్. ఇక్కడ మీకు ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో హెల్త్ పాలసీల మినహాయింపులని ఒకే రకంగా రాయాలని ఆదేశించింది. దాని ప్రకారం ప్రమాదకర క్రీడల మినహాయింపు వృత్తిగా ఆడేవాళ్ళకే, సరదాగా చేసిన మీవారికి వర్తించదు. ప్రమాదం వల్ల వచ్చిన దెబ్బకి వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్న కొత్తలో క్లెయిమ్ ఇవ్వని కాలం) కూడా అడ్డురాదు. అయితే ఆ ఆదేశం ట్రావెల్ పాలసీలకి కాదు, అందుకే ట్రావెల్ పాలసీల్లో ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది. స్విట్జర్లాండ్‌లో తీసిన ఎక్స్‌రేలు, ఎమ్మారై సీడీ, డిశ్చార్జ్ కాగితం తెచ్చుకోకపోతే ఇక్కడ ప్రమాదం అని రుజువు చేయడం కష్టమవుతుంది. ఇంకోటి, కాలికి పిండికట్టు (ప్లాస్టర్) వేస్తే మొదటి 48 గంటలు దూరప్రయాణానికి విమానంవాళ్ళు సాధారణంగా ఒప్పుకోరు, కట్టుని చీల్చి వదులు చేస్తే తప్ప. లోపల కాలు వాస్తే ప్రమాదం. కాలు చాచుకోవడానికి అదనపు సీటు కావాలి, "ప్రయాణించవచ్చు" అని డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, టికెట్ మారాలి, తోడు ఒకరు ఆగాలి. ఈ అదనపు ప్రయాణ ఖర్చు, తోడున్నవారి బస ఖర్చు పాలసీలో ఉన్నాయేమో చూడండి.

ఇక మీరు చేయాల్సింది. నచ్చిన రెండు మూడు కంపెనీలకి ఫోన్ చేయకండి, మెయిల్ రాయండి. "11 ఏళ్ళ బాబు స్నోబోర్డింగ్, 40 ఏళ్ళ తండ్రి స్కీయింగ్ కొత్తగా నేర్చుకుంటున్నారు, ఎంగెల్‌బర్గ్‌లో గుర్తులున్న బాటల మీద, కొన్నిసార్లు శిక్షకుడితో, కొన్నిసార్లు లేకుండా. వైద్యం, కొండ మీద నుంచి రెస్క్యూ, హెలికాప్టర్, లయబిలిటీ, ఈ నాలుగింటికీ ఎంతెంత పరిమితి? పాలసీలో ఏ క్లాజులో రాసి ఉంది?" ఇలా, వయసులు మీవి మార్చుకుని. క్లాజు నంబరుతో జవాబిచ్చిన కంపెనీని నమ్మండి. "యెస్ మేడమ్, కవర్డ్" అని ఒక్క లైను వస్తే మళ్ళీ అడగండి, అయినా తేల్చకపోతే వదిలేయండి. ఆ మెయిల్ దాచుకోండి. రేపు క్లెయిమ్ తిప్పికొడితే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి, వాళ్ళు నెలలోగా తేల్చకపోయినా, కాదన్నా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. హైదరాబాద్‌లోనే ఆఫీసుంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అక్కడ చేతిలో కాగితం ఉన్నవాళ్ళ మాటే చెల్లుతుంది.

అక్కడ ప్రమాదం జరిగితే ముందు రెస్క్యూ, తర్వాతే ఫోన్లు. ఆస్పత్రికి చేరగానే కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేయాలి, చాలా పాలసీల్లో 24 గంటల గడువు ఉంటుంది. ఆ నంబరు, పాలసీ నంబరు నలుగురి ఫోన్లలోనూ ఉండాలి, మీ అత్తగారి పర్సులో ఒక చీటీ మీద కూడా. రెస్క్యూవాళ్ళు రాసే రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. స్కీ పాస్, స్కీ స్కూల్ రసీదు పారేయకండి, ఆ రోజు ఏ బాటల వైపు వెళ్ళారో, శిక్షణలో ఉన్నారో లేదో చెప్పేవి అవే. బోర్డింగ్ పాసులు కూడా దాచండి. క్లెయిమ్‌కి పాస్‌పోర్ట్‌లో స్టాంపుల పేజీ అడగడం అలవాటు, 2025 అక్టోబర్ నుంచి షెంగెన్ దేశాలు స్టాంపు బదులు ఎలక్ట్రానిక్ నమోదుకి మారడం మొదలుపెట్టాయి, మీ పాస్‌పోర్ట్‌లో స్టాంపే ఉండకపోవచ్చు.

ఏజెంట్ ఇచ్చిన పాలసీని ఇప్పుడే రద్దు చేయకండి, అది మీ వీసా ఫైల్లో ఉంది. ముందు అదే కంపెనీని అడగండి, ప్రయాణం మొదలయ్యేలోపు ప్లాన్ పెంచి అడ్వెంచర్ స్పోర్ట్స్ కలపడం వీలవుతుందేమో. వీలుకాకపోతే వీసా చేతికొచ్చాక వేరే కంపెనీలో మంచిది తీసుకోండి, ఆ మొదటి ప్రీమియం పోయినా పోనివ్వండి. ఏం చేసినా హైదరాబాద్‌లో విమానం ఎక్కేలోపే చేయాలి, మన కంపెనీలు సాధారణంగా దేశం దాటినవాళ్ళకి కొత్త పాలసీ ఇవ్వవు. కంపెనీల నుంచి జవాబులు వచ్చాక ఏదైనా క్లాజు అర్థం కాకపోతే ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి, చదివి చెబుతాను.